బోరుకొచ్చిందా, సీళ్ళు పోయాయా?

పాఠకుల ప్రశ్నలకు షెడ్డు మేస్త్రి జవాబులు

ఈసారి ఉత్తరాలు చాలానే వచ్చాయి గాని, చీపురుపల్లి టీచరమ్మ గారి ఉత్తరానికే సగానికి పైగా చోటు పోతోంది. మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు. ఆవిడ చేసిన పని నా షెడ్డులో కుర్రాళ్ళ చేత నేను ఇన్నేళ్ళయినా చేయించలేకపోయాను.

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది 2009 ఆల్టో, ఏపీ 35 నంబరు. చీపురుపల్లి నుంచి విజయనగరంలో బడికి రోజూ దాంట్లోనే వెళ్ళి వస్తాను. బండి ఆయిల్ తాగేస్తోందని పోయిన నెల మీకు రాశాను. మార్చిన పదిహేను వందల కిలోమీటర్లకే గేజి పుల్లకి ఆయిల్ అంటడం లేదు. మా వీధి చివర షెడ్డులో చూపిస్తే ఆయిల్ మూత తీసి, అందులోంచి వచ్చే పొగ చూపించి, "బ్యాక్ కంప్రెషన్ కొడతంది, ఇంజన్ బోరుకొచ్చేసిందమ్మా" అన్నారు. అంటే సిలిండర్లూ, పిస్టన్ల చుట్టూ ఉండే రింగులూ అరిగాయని, సిలిండర్లు గీకించి కొత్తవి వెయ్యాలని. 38 వేలు చెప్పారు. మావారేమో అన్ని వేలు దానికి తగలేసే బదులు అమ్మేద్దాం అంటున్నారు. మీరు "ఎవరినీ ఇంజన్ విప్పనివ్వకండి, మూడు వారాలు లెక్క రాసి పంపండి" అన్నారు. రాశాను.

మొదటి రోజు మీటరు 1,12,340. ఆయిల్ పై గీత దగ్గర. 8వ రోజు 1,12,890. రెండు గీతల మధ్య మూడో వంతు దిగింది. తర్వాతి వారం సెలవులు. బజారుకీ, పిల్లాడి ట్యూషనుకీ, గుడికీ తప్ప బండి తీయలేదు. 15వ రోజు మీటరు 1,13,020. అయినా ఇంకో పావు వంతు దిగింది! 23వ రోజు 1,13,500. కింది గీతకి వచ్చేసింది. మీరు చెప్పినట్టే నీళ్ళ సీసాతో కొలిచి పోశాను. 900 మి.లీ. పట్టింది.

పొగ సంగతి: పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే ఒక్కసారి గుప్పుమని వస్తుంది, అర నిమిషంలో పోతుంది. రంగు నీలం అని ఎదురింటివాళ్ళ మాట. మా మరిది బైకు మీద వెనకే వచ్చి చూశాడు. నడుస్తున్నప్పుడు, తొక్కినప్పుడు పొగ లేదట. రైలు గేటు దగ్గర పది నిమిషాలు ఇంజన్ ఆపకుండా ఆగి, కదిలినప్పుడు మాత్రం మళ్ళీ గుప్పుమంది. ఆయిల్ కారుతోందేమో చూడ్డానికి పాత ఫ్లెక్సీని తిరగేసి బండి కింద పరిచాను. రాత్రికి రెండే చుక్కలు, ముందు కుడివైపు. కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, విజయనగరంలో గేజి పెట్టి కొట్టించాను: 178, 172, 176. సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి కొడితే 182, 177, 180. ప్లగ్గుల్లో రెండోది నల్లగా జిడ్డుగా ఉంది, మిగతా రెండూ పొడిగా గోధుమ రంగులో ఉన్నాయి. పికప్ మామూలుగానే ఉంది. ఇప్పుడేం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీవారికి చెప్పండి, బండి అమ్మొద్దని. మీ కాగితాలు షెడ్డు గోడకి అంటించాను. పేరు కనపడకుండానే లెండి.

లెక్కతో మొదలెడదాం. 1,160 కిలోమీటర్లకి 900 మి.లీ. అంటే వెయ్యికి పావు తక్కువ లీటరు కాస్త దాటింది. ఇది ఎక్కువే. కొన్ని కంపెనీల పుస్తకాల్లో వెయ్యికి లీటరు దాకా మామూలే అని రాసుకుంటారు. అది వారంటీ గొడవలు తప్పించుకోడానికి రాసుకున్న మాట అని నా అనుమానం. మీ ఇంజన్‌కి మొత్తం పట్టేదే మూడు లీటర్ల లోపు. అందులో లీటరు పోయిందంటే మిగిలిన రెండు లీటర్లే మూడింటి పని చెయ్యాలి. తొందరగా వేడెక్కుతుంది, తొందరగా నల్లబడుతుంది.

అయితే ఎంత పోయిందన్నదానికంటే ఎప్పుడు పోయిందన్నది నాకు ముఖ్యం. మీ సెలవుల వారం చూడండి. 130 కిలోమీటర్లకే పావు వంతు దిగింది. అంతకు ముందు వారం 550 తిరిగితే మూడో వంతు. రింగులు అరిగిన బండి ఎంత తిరిగితే అంత తాగుతుంది, తొక్కిన కొద్దీ ఎక్కువ తాగుతుంది. మీ బండి తిరగనప్పుడు తాగింది. అంటే మాటిమాటికీ స్టార్ట్ చేసి ఆపిన వారంలో, ట్యూషన్ దగ్గర ఇంజన్ ఆపకుండా కూర్చున్న వారంలో. ఆ ఒక్క గీత చదవగానే టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

మీ ఆల్టో ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, పన్నెండు వాల్వులు. ఒక్కో వాల్వు కాడకి పైన రబ్బరు టోపీ ఒకటి ఉంటుంది. అదే వాల్వు సీలు. పన్నెండూ కలిపి అరచేతిలో పడతాయి. ఇంజన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ కింద ఆయిల్ ఎప్పుడూ చిమ్ముతూనే ఉంటుంది. ఆ ఆయిల్ వాల్వు కాడ వెంట కిందికి జారకుండా గోరంత మాత్రమే వదలడం ఈ టోపీల పని. పదిహేనేళ్ళు వేడికి కాగాక రబ్బరు రాయిలా అవుతుంది. పాత సీలు రెండు వేళ్ళ మధ్య నొక్కితే బలపంలా పుటుక్కున విరుగుతుంది. అలా అయ్యాక రాత్రంతా ఆయిల్ చుక్కచుక్కగా లోపలికి దిగి, పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే కాలి, ఆ గుప్పుమనే పొగ వస్తుంది. గేటు దగ్గర సంగతీ అంతే. పెట్రోలు ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు లోపల గాలి పీల్చుడు గట్టిగా ఉంటుంది. ఆ పీల్చుడికి వాల్వు కాడ పక్కనుంచి ఆయిల్ కూడా వచ్చేస్తుంది. మీరు గేరు వేసి కదలగానే అదంతా ఒక్కసారి కాలుతుంది.

ఇదే రింగుల పొగ అయితే మీ మరిదికి దారి పొడుగునా కనపడాలి. ముఖ్యంగా మీరు తొక్కినప్పుడు.

కంప్రెషన్ కూడా అదే చెప్తోంది. మూడు సిలిండర్లకీ మధ్య తేడా ఆరు పాయింట్లే. నూటికి పది దాటితేనే నేను కంగారు పడతాను. చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొట్టించమన్నది ఎందుకంటే, రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులు మూసేసి కంప్రెషన్ బాగా లేస్తుంది. మీకు నాలుగైదు పాయింట్లే లేచింది. అది ఏ బండికైనా లేస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాచకుండా చెప్తాను. పిస్టన్‌కి మూడు రింగులు ఉంటాయి. పై రెండూ కంప్రెషన్‌వి, అడుగున ఉన్నది ఆయిల్ రింగు. గేజి కొట్టేది పై రెండింటి సంగతి. అడుగుది కార్బన్‌తో బిగుసుకుపోయినా, దాని వెనక కన్నాలు పూడిపోయినా కంప్రెషన్ బ్రహ్మాండంగా చూపిస్తుంది, ఆయిల్ మాత్రం తాగుతూనే ఉంటుంది. ఆయిల్ మార్చడం ఆలస్యం చేసే బండ్లలో ఇది చాలా మామూలు. మీ రెండో ప్లగ్గు ఒక్కటే జిడ్డుగా ఉండటం వల్ల నాకు నూటికి నూరు సీళ్ళే అనడానికి నోరు రావడం లేదు. ఆ సిలిండర్‌లో నాలుగు సీళ్ళలో ఏదో ఒకటి మరీ పోయి ఉండొచ్చు, లేదా అక్కడ ఆయిల్ రింగు పట్టేసి ఉండొచ్చు. కాని పొగ వచ్చే వేళలు చూస్తే సీళ్ళ వైపే మొగ్గు.

మరి ఆయిల్ మూతలోంచి వచ్చిన పొగ మాటేమిటి? వేడెక్కిన ఏ ఇంజన్‌కైనా మూత తీస్తే కాస్త ఆవిరి వస్తుంది. నిన్న షోరూం నుంచి తెచ్చిన బండికి కూడా వస్తుంది. మూతని బోర్లించి కన్నం మీద ఊరికే పెట్టి చూడండి. కొంచెం కదిలితే ఫర్వాలేదు. ఎగిరి పక్కన పడితే ఆలోచించాలి. అప్పుడు కూడా బోరు అనెయ్యకూడదు, ముందు బ్రీదర్ పైపు చూడాలి. దీని గురించి నాకో సొంత కథ ఉంది. చెప్పుకోడానికి సిగ్గే గాని చెప్తాను.

1999లో నేను సాలూరులో మా మేస్త్రి దగ్గర పని నేర్చుకుని వచ్చి నెల్లిమర్ల రోడ్డులో రేకుల షెడ్డు వేసిన కొత్త. సాలూరంటే లారీల ఊరు కదా, లారీ ఇంజన్లు విప్పి విప్పి నాకు ప్రతి రోగానికీ మందు బోరే అనిపించేది. ఒక రైసు మిల్లు ఆసామి తెల్ల మారుతి 800 తెచ్చారు. నీలం పొగ, మూత తీస్తే బుస్సుమంటోంది, ట్యాపెట్ కవర్ చుట్టూ జిడ్డు. "బోరుకొచ్చింది బాబూ" అన్నాను. ఇప్పుడు మీకు చెప్పినాయన చెప్పినట్టే, అదే గొంతుతో. హెడ్ దించాను, బోరు చేయించాను, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేసి పదకొండు రోజుల్లో ఇచ్చాను. ఇరవయ్యో రోజున బండి మళ్ళీ షెడ్డు ముందుంది. అదే పొగ. అదే బుస్సు.

మా మేస్త్రి ఏదో పెళ్ళికి విజయనగరం వస్తే బతిమాలి తీసుకొచ్చాను. నేను స్పానర్ల పెట్టె తెరుస్తుంటే, "ముందు నీ సేతులు జేబులో ఎట్టుకోరా. కళ్ళతో సూడు" అన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ వైపు వెళ్ళే రబ్బరు పైపు పీకి, ఒక కొస నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి పోలేదు. సైకిలు చువ్వతో పొడిచాడు. లోపల్నుంచి నల్లటి ముద్ద పొరలు పొరలుగా ఊడొచ్చింది, అచ్చం మామిడి తాండ్ర లాగ. ఆ పోలిక పెట్టినందుకు తాండ్రకి పేరుపడ్డ భీమాళి వాళ్ళు నన్ను క్షమించాలి.

సంగతేమిటంటే, ఎంత మంచి ఇంజన్‌లోనైనా కాస్త గాలి రింగులు దాటి కింద ఆయిల్ నిలవుండే చాంబర్‌లోకి దిగుతుంది. ఆ గాలి బయటికి పోడానికే ఆ పైపు. అదే బ్రీదర్ పైపు. దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్‌ని దొరికిన సందులోంచల్లా తోస్తుంది. సీళ్ళలోంచి, ప్యాకింగుల్లోంచి, వాల్వు కాడలు ఆడే గైడుల్లోంచి. వెయ్యి రూపాయల ఇంజన్ పని కూడా అక్కర్లేని బండికి నేను సిలిండర్లు గీకించేశాను. కూలి డబ్బు ఆసామికి తిరిగి ఇచ్చేశాను, సామాను డబ్బు ఆయన అడగలేదు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు ఆయన బండ్లన్నీ నా దగ్గరికే వచ్చాయి గాని, వచ్చినప్పుడల్లా "పైపు చూశావా?" అని అడిగేవాడు.

కాబట్టి మీరు కూడా ముందు ఆ పైపు చూపించండి. కొన్ని బండ్లకి దారిలో పీసీవీ వాల్వు అని చిన్నది ఉంటుంది. తీసి చెవి దగ్గర ఊపితే టకటకమనాలి. అనకపోతే పట్టేసిందన్నమాట. పెట్రోలుతో కడిగినా పలకకపోతే కొత్తది వేయించండి.

తర్వాత ఆ రెండు చుక్కలు. ముందు కుడివైపు అన్నారు. అది పెద్ద లెక్కలోది కాదు, రాత్రికి రెండు చుక్కలతో నెలకి లీటరు పోదు. అయితే ఇంజన్ ఆగి ఉన్నప్పుడు కారని చోటు, నడిచేటప్పుడు ఒత్తిడికి కారొచ్చు. అందుకని ఒకసారి ఇంజన్ బయటంతా కిరసనాయిలుతో గాని డీజిలుతో గాని శుభ్రంగా తుడిపించి, ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లండి. ఇరవై కిలోమీటర్లు నడిపి, బానెట్ తీసి చూడండి. కారే చోట పౌడరు తడిసి చార కడుతుంది. చార ఎక్కడ ముగిసిందో కాదు, ఎక్కడ మొదలైందో వెతకాలి. ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పోతుంది. చాంబర్ కింద చుక్క చూసి చాంబర్ ప్యాకింగ్ మార్చేసి, నెల తర్వాత అసలు కారేది పైన ట్యాపెట్ కవర్ దగ్గరని తెలుసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు.

ఇవి రెండూ బాగుంటే సీళ్ళు మార్పించండి. పనిమంతుడైతే హెడ్ దించకుండానే మారుస్తాడు. పిస్టన్ కింద ఉన్నప్పుడు ప్లగ్గు కన్నంలోంచి నైలాన్ తాడు కొంత లోపలికి తోసి, క్రాంక్ చేత్తో తిప్పితే పిస్టన్ పైకొచ్చి ఆ తాడుని వాల్వులకి అదిమి పెడుతుంది. అప్పుడు స్ప్రింగు తీసినా వాల్వు లోపలికి పడిపోదు. తాడు కొస బయటే ఉండాలి సుమా. కంప్రెసర్ గాలి పెట్టి చేసేవాళ్ళూ ఉన్నారు. సీలు తీశాక వాల్వు కాడ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడమనండి. ఊగిసలాడుతుంటే గైడు కూడా అరిగిందన్నమాట. అప్పుడు హెడ్ దించి లేత్‌కి పంపడం తప్పదు. గైడు లూజుగా పెట్టుకుని కొత్త సీలు వేస్తే ఏడాది తిరక్కుండా మళ్ళీ మొదటికే వస్తుంది. సీళ్ళ ఖరీదు వందల్లో ఉంటుంది, కూలీతో కలిపినా ఆ 38 వేలలో చిన్న ముక్కే.

సీళ్ళు మార్చాక కూడా రెండో ప్లగ్గు జిడ్డుగానే ఉంటే అప్పుడు ఆయిల్ రింగు సంగతి చూద్దాం. ప్లగ్గు కన్నంలోంచి కార్బన్ కరిగించే మందు పోసి రాత్రంతా నానబెట్టే పద్ధతి ఉంది. కొన్నిసార్లు పట్టు వదులుతుంది. చేస్తే, స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి ఇంజన్ తిప్పి ఆ మందు బయటికి కొట్టెయ్యాలి. వెంటనే ఆయిల్, ఫిల్టరు మార్చెయ్యాలి. బజార్లో ఆయిల్‌లో కలిపే సీసాలు మాత్రం నాకు నచ్చవు. ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి ఒక్కసారి ఊడి, చాంబర్‌లో జాలీకి అడ్డం పడితే ఇంజన్‌కి ఆయిలే అందదు.

అందాకా వారానికి ఒకసారి పుల్ల చూస్తూ, కొంచెం కొంచెం పోస్తూ నడుపుకోండి. చూసేటప్పుడు చదును నేల మీద, ఇంజన్ ఆపి పది నిమిషాలు అయ్యాక చూడాలి. పై గీత దాటి మాత్రం పొయ్యొద్దు. ఎక్కువ పోస్తే క్రాంక్ తగిలి నురగ కట్టి, అదీ బ్రీదర్‌లోంచే కాలడానికి పోతుంది. పోసిన ప్రతిసారీ ఆ పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం చూసే మీతో ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నాను. మరీ నిర్లక్ష్యం కూడా పనికిరాదు. కాలిన ఆయిల్ సైలెన్సర్‌లో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌ని నెమ్మదిగా చంపేస్తుంది. అది పోతే పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఇరుక్కుంటారు.

ప్రశ్న: మాది సాలూరు. 2012 స్విఫ్ట్ డీజిల్. పి.కోనవలస ఘాటీ ఎక్కి సుంకి మీదుగా కొరాపుట్ వారానికోసారి వెళ్తాను. ఘాటీ ఎక్కేటప్పుడు నీలం పొగ వస్తోంది. ఆయిల్ తగ్గుతోంది. వాల్వు సీళ్ళా?

జవాబు: మా ఊరి వాడివన్నమాట, సంతోషం తమ్ముడూ. నీది డీజిల్ కాబట్టి పై కథ నీకు అచ్చంగా వర్తించదు. డీజిల్ ఇంజన్‌కి ఐడ్లింగ్‌లో అంత పీల్చుడు ఉండదు. నువ్వు ముందు అనుమానించాల్సింది టర్బో, అంటే ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపే రెక్కల చక్రం. దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, ఆయిల్ పొర మీదే తేలుతూ. ఆ ఇరుసు సీలు పోతే ఆయిల్ గాలి పైపులోకి దిగి, అక్కడ్నుంచి సిలిండర్లోకి పోయి కాలుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టర్బో గట్టిగా తిరుగుతుంది కాబట్టి పొగ అప్పుడే కనపడుతుంది.

ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే పైపు విప్పి చూడు. లోపల సన్నటి జిడ్డు పొర ఉంటే మామూలే. వంచితే ధారగా కారితే టర్బో పని పట్టించాలి. గాలి వైపు పైపు తీసి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇరుసు కొసని వేళ్ళతో పట్టుకో. పైకీ కిందికీ వెంట్రుకవాసి కదిలితే ఫర్వాలేదు. ముందుకీ వెనక్కీ కదిలినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలున్నా ఇక దాన్ని నమ్మకు. మార్చే ముందు టర్బోకి ఆయిల్ వచ్చే సన్న గొట్టమూ, తిరిగి కిందికి పోయే గొట్టమూ రెండూ శుభ్రం చేయించు. పోయే గొట్టం పూడుకుపోయి ఉంటే కొత్త టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది. బ్రీదర్ పైపు గురించి మళ్ళీ చెప్పను, పైన చదువుకో.

ఒక్క మాట మాత్రం అశ్రద్ధ చెయ్యకు. టర్బో ఆయిల్ మరీ ఎక్కువ వదిలితే ఇంజన్ ఆ ఆయిల్‌నే డీజిల్‌లా కాల్చుకుని దానంతటదే రేసు అందుకుంటుంది. తాళం తీసేసినా ఆగదు. అలా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, పెద్ద గేరులో వేసి, క్లచ్ వదిలెయ్యి. ఇంజన్ గింజుకుని ఆగిపోవాలి. బానెట్ తీసి చెయ్యి పెట్టకు, గాలి పైపుకి గుడ్డ అడ్డం పెట్టకు, లాగేసుకుంటుంది. ఆగకపోతే దిగి దూరంగా వచ్చెయ్. చిన్నప్పుడు మా మేస్త్రి షెడ్డులో ఒక ఇంజన్ అలా పరిగెత్తింది. దాని అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఇంజన్ బద్దలయ్యాక వచ్చిన నిశ్శబ్దం కూడా.

టర్బో బాగు చేయించేదాకా ఘాటీ మానెయ్. బాగయ్యాక, ఎక్కి దిగాక వెంటనే ఇంజన్ ఆపెయ్యకుండా ఒకటి రెండు నిమిషాలు ఊరికే నడవనివ్వు.

ప్రశ్న: శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర షాపు. ఇంటి నుంచి షాపుకి రెండు కిలోమీటర్లే, కారులోనే వస్తాను. నా పెట్రోలు బండికి ఆయిల్ తగ్గడం కాదు, పెరుగుతోంది! మంచిదేనా?

జవాబు: కాదు బాబూ. ఆయిల్ పుట్టదు కదా, ఏదో కలుస్తోంది. రెండు కిలోమీటర్లకి ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, కాలని పెట్రోలు సిలిండర్ గోడ వెంట చాంబర్‌లోకి జారుతుంది. పుల్ల తీసి వాసన చూడండి, పెట్రోలు కొడుతుంది. ఆయిల్ మార్చి, వారానికోసారి శ్రీకూర్మం దాకానైనా నడపండి. పెట్రోలు కలవడం వల్ల ఇంకో మోసం ఉంది. బండి ఆయిల్ తాగుతున్నా, కలిసిన పెట్రోలు ఆ లోటు పూడ్చేసి పుల్ల మీద సరిగ్గానే చూపిస్తుంది. ఒక్కసారి దూరం వెళ్ళి వస్తే పెట్రోలు ఆవిరైపోయి, ఆయిల్ ఒక్కరోజులో మాయమైనట్టు ఉంటుంది. మూత అడుగున పాల టీ రంగు నురగ ఉంటే మాత్రం నీళ్ళు కలుస్తున్నాయేమో రేడియేటర్ నీళ్ళు తగ్గుతున్నాయా చూడండి. తగ్గుతుంటే హెడ్ ప్యాకింగ్ అనుమానించి బండి నడపడం ఆపండి.

ప్రశ్న: నరసన్నపేట. ఆయిల్ లైటు ఎలాగూ ఉంది కదా, తగ్గితే అదే వెలుగుతుంది. వారం వారం పుల్ల చూడడం ఎందుకు?

జవాబు: చాలా బండ్లలో ఆ ఎర్ర లైటు చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ఒత్తిడి ఉందా లేదా అని. ఒత్తిడి పడిపోయిందంటే పంపు ఆయిల్‌తో పాటు గాలి పీల్చడం మొదలెట్టిందన్నమాట. నడుస్తుండగా వెలిగితే ఇంటిదాకా వెళ్దామనుకోకండి. హైవే అయినా సరే, పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్యండి.

ప్రశ్న: ఏపీ 30 నంబరు 2008 బండి ఒకటి పలాసలో అమ్మకానికి ఉంది. "అస్సలు పొగ లేదు" అంటున్నారు. నమ్మొచ్చా? పాత బండికి చిక్కటి ఆయిల్ పోస్తే మంచిదంటారు, నిజమేనా?

జవాబు: రెండు ప్రశ్నలకీ సంబంధం ఉంది. ఆయిల్ డబ్బా మీద 20డబ్ల్యూ50 అనో 10డబ్ల్యూ30 అనో ఉంటుంది. మొదటి అంకె చల్లగా ఉన్నప్పటి సంగతి, రెండోది ఇంజన్ కాగినప్పుడు ఎంత చిక్కగా ఉంటుందో చెప్పేది. బండి పుస్తకం ఒప్పుకుంటే మన ఎండలకి ఒక మెట్టు చిక్కటిది వాడుకోవచ్చు, తాగుడు కాస్త తగ్గుతుంది. రోగం మాత్రం తగ్గదు. కొత్తరకం సన్న దారుల ఇంజన్లలో అయితే చిక్కటి ఆయిల్ పైకి ఎక్కడానికే ఆలస్యం అవుతుంది. అమ్మేవాళ్ళకీ ఈ చిట్కా తెలుసు. పొగ బండిలో చిక్కటి ఆయిల్ పోసి, మీరు వచ్చేలోపు పావుగంట ఇంజన్ తిప్పి ఉంచితే, పొద్దుటి పొగ పొద్దున్నే పోతుంది, మీకు కనపడదు.

2008 బండంటే పదిహేనేళ్ళు దాటిపోయింది, ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో ముందు అది చూడండి. సైలెన్సర్ కొసలో వేలు పెట్టండి. పొడి మసి అయితే సరే, నల్లటి తడి జిడ్డు అంటితే ఆయిల్ కాలుతోందని అర్థం. ఆసామి వద్దంటే తప్ప ప్లగ్గులు తీయించి చూడండి. వద్దన్నా మీకు జవాబు దొరికినట్టే. వెళ్ళేది పొద్దున్న ఆరింటికి, ముందు ఫోను చెయ్యకుండా వెళ్ళండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వెయ్యండి. వెచ్చగా ఉంటే, వాళ్ళిచ్చే టీ తాగి, రేపొస్తానని చెప్పి వచ్చేయండి.